హాస్టల్ పిల్లల ఆత్మబంధువు డాక్టర్ అంబేద్కర్

ఏప్రిల్ 14 వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో నీలిజెండా ఎగరని పేట ఉండదు. వారం రోజుల ముందు నుంచే యువకులు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేస్తారు. సెంటర్లో ఉన్న విగ్రహాన్ని కడిగి కొత్త రంగు వేస్తారు. తెల్లవారేసరికి డప్పులు మొదలవుతాయి. వరికోతలకు, కొబ్బరికాయల ఒలుపుకు, రొయ్యల చెరువుల పనికి వెళ్ళేవాళ్ళు ఆ రోజు పని మానుకుని పిల్లలకు కొత్త బట్టలు వేసి తీసుకొస్తారు. నాయకులు వచ్చి దండలు వేస్తారు. ఉద్యోగుల సంఘాలవారు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తారు. మధ్యాహ్నం అందరికీ భోజనాలు. మళ్ళీ డిసెంబరు 6న అదే విగ్రహం దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఆ వేదికల మీద డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ గారిని రాజ్యాంగ నిర్మాతగా, అణగారిన వర్గాల ఆశాజ్యోతిగా కొనియాడటం మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది అక్షరాలా నిజం. అయితే సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్న మనకు ఆయనతో ఇంకొక చుట్టరికం కూడా ఉంది. ఆయన తల దాచుకోవడానికి గది దొరకక కన్నీరు పెట్టినవాడు. మన దేశంలో అంటరాని పిల్లల కోసం హాస్టళ్ళు పెట్టి నడిపినవాడు. మనం తీసుకునే స్కాలర్‌షిప్పుకు పునాది వేసినవాడు. వసతి గృహ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చెప్పుకోవడం సబబని మా పి.జి. విద్యార్థులం అనుకున్నాం.

గోనెపట్టా మీద చదువు

భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ అనే సైనిక పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, తల్లి భీమాబాయి. తల్లిదండ్రులకు ఆయన పద్నాలుగవ సంతానం. వారిది మహారాష్ట్రలోని మహర్ కులం. ఆరేళ్ళు నిండకముందే తల్లి చనిపోయింది.

సతారా బడిలో ఆయన మిగతా పిల్లలతో కలిసి కూర్చోవడానికి వీల్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని, సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళాలి. దాహం వేస్తే బడి బంట్రోతు పైనుంచి నీళ్ళు పొయ్యాలి. బంట్రోతు రాని రోజున నీళ్ళు లేవు. మన తాతలు కూడా ఇలాంటి సంగతులే చెబుతారు. కాలువలూ బోదెలూ నిండుగా పారే ఈ డెల్టాలో కూడా ఒకప్పుడు ఎవరి రేవు వాళ్ళది. నీళ్ళు అందరి ముందూ పారేవి, దిగే మెట్లు మాత్రం వేరు.

తరువాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లోని ఒక చాల్‌లో ఒకే ఒక్క గదిలో వాళ్ళ కాపురం. వంటా అక్కడే, పడకా అక్కడే. కొడుకు చదువుకోవడానికి చోటు లేక తండ్రి ఒక ఉపాయం చేశాడు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి తాను మేలుకుని ఉండేవాడు. రాత్రి రెండు గంటలకు కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, ఖాళీ అయిన ఆ చోటులో తాను నడుం వాల్చేవాడు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో బోర్డు మీద లెక్క చెయ్యమని మాస్టారు పిలిస్తే, బోర్డు వెనుక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారు. సంస్కృతం చదువుకుంటానంటే కుదరదన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది.

అయినా 1907లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. కులంలో అది అపురూపమైన సంగతి గనుక సభ పెట్టి అభినందించారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే పండితుడు తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆయనకు బహూకరించారు. ఈ కేలుస్కర్ గారి ప్రయత్నం వల్లనే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల విద్యార్థివేతనం ఇచ్చారు. దానితో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. చదివారు.

అమెరికా హాస్టల్ గది, బరోడాలో దొరకని గది

1913లో తండ్రి కన్నుమూశాడు. అదే ఏడాది బరోడా సంస్థానం విద్యార్థివేతనంపై ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చదువయ్యాక పదేళ్ళు బరోడాలో ఉద్యోగం చెయ్యాలన్నది షరతు. అక్కడ విశ్వవిద్యాలయం వసతి గృహంలో నావల్ భతేనా అనే పార్సీ యువకుడు ఆయనకు తోడు దొరికాడు. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. కులం అడగని గది, అందరితో కలిసి కూర్చునే భోజనం బల్ల ఆయనకు అమెరికాలో దొరికాయి. 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. 1916లో భారతదేశంలో కులాల పుట్టుక గురించి పరిశోధనా పత్రం సమర్పించారు. తిండి తగ్గించుకుని దాదాపు రెండు వేల పాత పుస్తకాలు కొన్నారు. తరువాత లండన్‌లో చేరారు. కాని విద్యార్థివేతనం గడువు తీరిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడా వెళ్ళారు. అంత చదువు చదివిన అధికారి బల్ల మీదికి బంట్రోతులు కాగితాలు దూరం నుంచి విసిరేవారు. ఊళ్ళో హిందువుల హోటల్ గాని ముస్లిముల హోటల్ గాని గది ఇవ్వదు. గతిలేక ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో చేరారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్సీల గుంపు వచ్చి గది ఖాళీ చెయ్యమని బెదిరించింది. తెలిసిన మిత్రులు కూడా ఇంట్లో పెట్టుకోవడానికి తటపటాయించారు. ఆయన ఒక తోటలో చెట్టు కింద గంటల తరబడి కూర్చుని దుఃఖం ఆపుకోలేకపోయారు. ఆ రాత్రి రైలుకే బొంబాయి వెళ్ళిపోయారు.

ఈ సంఘటన మనం జ్ఞాపకం పెట్టుకోదగినది. డిగ్రీ వస్తే కులం పోతుందని మన అమ్మానాన్నలు అనుకుంటారు. ఆయనకు అమెరికా డిగ్రీ వచ్చినా గది దొరకలేదు. చదువు ఒక్కడికే వస్తే చాలదని, మొత్తం జాతి చదువుకోవాలని, దాని కోసం పోరాటం కూడా కావాలని ఆయన గ్రహించడానికి బరోడా అనుభవం ఒక ముఖ్య కారణం.

తరువాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా పనిచేశారు. కొల్హాపూర్ మహారాజు సాహు సాయంతో 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక ప్రారంభించారు. జీతంలో మిగిల్చిన డబ్బు, సాహు మహారాజు సాయం, మిత్రుడు భతేనా ఇచ్చిన అప్పుతో మళ్ళీ లండన్ వెళ్ళి, అర్ధాకలితో గ్రంథాలయాల్లో కూర్చుని, 1923లో డి.ఎస్‌సి. సాధించారు. బారిస్టరు కూడా అయ్యారు. ఆయన ఇక్కడ చదువుకుంటుంటే భార్య రమాబాయి అక్కడ బొంబాయిలో పస్తులతో ఇల్లు నడిపింది. వారికి పుట్టిన ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే చనిపోయారు. ఒక్క యశ్వంత్ మాత్రమే మిగిలాడు. మనం చదువుకునే ప్రతి చదువు వెనుకా ఇంట్లో ఎవరో ఒకరు పస్తున్నారన్న మాట ఆయన ఇంటికీ వర్తిస్తుంది.

షోలాపూర్ హాస్టల్

1924 జులైలో అంబేద్కర్ గారు ‘బహిష్కృత హితకారిణీ సభ’ స్థాపించారు. ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి హాస్టల్ పెట్టడం. 1925లో షోలాపూర్‌లో అంటరాని కులాల హైస్కూలు విద్యార్థుల కోసం వసతి గృహం తెరిచారు. తిండి, బట్ట, పుస్తకాలు ఇచ్చి చదివించారు. బొంబాయిలో ఉచిత పఠనమందిరం పెట్టారు, కుర్రాళ్ళ కోసం హాకీ క్లబ్ నడిపారు. సభ ప్రోత్సాహంతో విద్యార్థులు ‘సరస్వతీ విలాస్’ అనే మాసపత్రిక కూడా నడిపారు. అంటే హాస్టల్ పిల్లలు పత్రిక తేవడం మనతో మొదలైంది కాదు. ఈ సంచికకు ఆ పత్రిక పెద్దక్క వంటిది.

1928లో ఆయన అణగారిన వర్గాల విద్యా సంఘాన్ని ఏర్పాటు చేసి ప్రభుత్వాన్ని అడిగి 5 వసతి గృహాలు సాధించారు. అందులో ధార్వాడ హాస్టల్ ఒకటి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు చాలేది కాదు. వకీలు వృత్తిలో వచ్చే అంతంతమాత్రం ఆదాయంతో సంసారం నెట్టుకొస్తూనే, దాతలను అడిగి, చందాలు పోగుచేసి హాస్టళ్ళు నడిపారు.

వాటికి ఆయన ఎందుకంత ప్రాధాన్యం ఇచ్చారో హాస్టల్‌లో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. పల్లెలో బడి ఉన్నా ఇంట్లో దీపం లేదు, చోటు లేదు. పొద్దున్నే పశువుల వెంట వెళ్ళాలి. ఆసామి కబురు పెడితే బడి మానాలి. పిల్లవాణ్ణి ఆ చాకిరీ నుంచి బయటికి తెచ్చి నాలుగు గోడల మధ్య పుస్తకంతో కూర్చోబెడితే తప్ప చదువు నిలబడదు. చాల్‌లో రాత్రి రెండు గంటలకు లేచి చదివిన మనిషికి ఇది ఎవరూ చెప్పవలసిన పని లేదు.

చెరువు నీళ్ళ నుంచి రాజ్యాంగం దాకా

1927 మార్చి 20న మహద్‌లో వేలాది మందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. అదే సంవత్సరం డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. 1930 మార్చిలో నాసిక్ కాలారామ్ ఆలయ ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలుపెట్టారు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో అణగారిన వర్గాల గొంతు వినిపించారు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. దానిలో రిజర్వుడు సీట్ల సంగతి అందరికీ తెలుసు. ప్రతి రాష్ట్రం విద్యకు పెట్టే ఖర్చులో అణగారిన వర్గాల చదువుకు తగినంత సొమ్ము కేటాయించాలన్న షరతు కూడా అందులో ఉందని చాలామందికి తెలియదు. 1936లో కుల నిర్మూలన గురించి పుస్తకం ప్రచురించారు.

1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఫ్యాక్టరీ కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం కోసం కృషి చేశారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు ఎనిమిదిన్నర శాతానికి కొంచెం తక్కువగా రిజర్వేషన్ సాధించారు. షెడ్యూల్డు కులాల విద్యార్థుల ఉన్నత చదువులకు ఏటా 3 లక్షల రూపాయలు కేటాయించేలా ప్రభుత్వాన్ని ఒప్పించారు. కొందరిని విదేశీ చదువులకు కూడా పంపించారు. మనం ఈనాడు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అని పిలుచుకునేది 1944 నాటి ఆ 3 లక్షల రూపాయల విత్తనం నుంచి మొలిచిన చెట్టే.

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. 1947 ఆగస్టు 29న రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులయ్యారు. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించే బాధ్యత రాజ్యం మీద పెట్టింది. మన హాస్టల్ ఎవరో దయతలచి పెట్టింది కాదు. దాని వెనుక రాజ్యాంగం ఉంది. 1951లో హిందూ స్త్రీలకు ఆస్తిలో, విడాకుల్లో హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడంతో న్యాయశాఖ మంత్రి పదవినే వదులుకున్నారు. మన సోదరీమణులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. 1953 జనవరిలో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. 1990లో భారతరత్న ఇచ్చారు.

గోదావరి గడ్డ మీద

బాబాసాహెబ్ పేరు రాకముందే మన ప్రాంతంలో నేల పదునై ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ జరిగింది. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న కవి ‘జయభేరి’ పత్రిక నడిపారు, నల్లదొరతనాన్ని నిలదీస్తూ పాట కట్టారు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు ‘పాలేరు’ నాటకం రాశారు. పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు కావడం అందులోని కథ. ఊరూరా ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారని పెద్దలు చెబుతారు.

1944 సెప్టెంబరులో అంబేద్కర్ గారు మద్రాసు రాష్ట్రంలో పర్యటిస్తూ మన జిల్లాలకు వచ్చారు. ఏలూరు, రామచంద్రపురం, కాకినాడ వంటి చోట్ల సభలు జరిగాయి. దొరల ప్రభుత్వంలో మంత్రితో సమానమైన పదవిలో తమ మనిషి ఉన్నాడని కూలిజనం కళ్ళారా చూసుకున్నారు. ఆయన స్థాపించిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఇక్కడ వేళ్ళూనుకుంది. దానిలో పనిచేసిన వారిలో కందికుప్పకు చెందిన బొజ్జా అప్పలస్వామి గారు ఒకరు. ఆయన కుమారుడు బొజ్జా తారకం గారు న్యాయవాదిగా, పౌరహక్కుల నాయకుడిగా 2016లో మరణించేదాకా అంబేద్కర్ బాటలో నడిచారు. 1985 జులై 17న కారంచేడులో దళితులను చంపినప్పుడు ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి బాధితుల పక్షాన నిలిచారు.

కారంచేడు, 1991 ఆగస్టు 6 నాటి చుండూరు ఘటనల తరువాతనే ఆంధ్రదేశంలో పల్లెపల్లెకూ అంబేద్కర్ విగ్రహాలు వచ్చాయి. సూటు వేసుకుని చేతిలో పుస్తకం పట్టుకుని వేలు చాపి నిలబడిన ఆ విగ్రహం పేటలో ధైర్యానికి గుర్తు. కూలిడబ్బులు తలా కొంచెం వేసుకుని కట్టుకున్నవే ఎక్కువ. అందుకే విగ్రహానికి అవమానం జరిగితే జనం రోడ్డు మీదికి వస్తారు.

2022లో కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్లలో ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుడి ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. అయినా పేరు నిలిచింది. రాజ్యాంగం రాసిన మనిషి పేరు ఒక జిల్లాకు పెట్టడానికే ఇంత గొడవ జరిగిందంటే ఆయన పని ఇంకా పూర్తికాలేదని అర్థం. 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం ఎత్తు పెరిగింది. మన బాధ్యత కూడా అంతకంతకూ పెరగాలి.

జయంతి ఎలా జరుపుకోవాలి?

1956 మార్చిలో ఆగ్రా సభలో బాబాసాహెబ్ ఒక బాధ వెళ్ళబోసుకున్నారు. చదువుకుని పైకి వచ్చినవాళ్ళు తిరిగి తమ జనానికి సేవ చేస్తారని ఆశించానని, వాళ్ళు సొంత కడుపు నింపుకునే గుమాస్తాలుగా మిగిలిపోయారని ఆయన ఆవేదన. ఆ మాట అప్పటివాళ్ళకు మాత్రమే తగులుతుందని తప్పించుకుందామా? మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మాలో కొందరి అమ్మలు కువైట్, మస్కట్‌లలో ఇంటిపని చేసి డబ్బు పంపుతున్నారు. నాన్నలు ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల కాపలాలో ఉన్నారు. రేపు మాకు ఉద్యోగం వస్తే ఆ మాట మా తలుపే తడుతుంది.

జయంతి ఘనంగా జరగాలి. డప్పులు మోగాలి, ఊరేగింపు సాగాలి. ఏడాదికి ఒక్కరోజు మన జనం తలెత్తుకుని నడివీధిలో నడిచే ఆ పండుగను ఎవరూ తక్కువ చెయ్యరాదు. కాని ఫ్లెక్సీల మీద నాయకుల బొమ్మలు పెద్దవై, మూలన బాబాసాహెబ్ బొమ్మ చిన్నదవుతోంది. సౌండ్ బాక్సుల అద్దెకు అయ్యే ఖర్చు ఒక పిల్లవాడి ఏడాది పుస్తకాలకు సరిపోతుంది. స్కాలర్‌షిప్పు ఆలస్యమై పరీక్ష ఫీజు కట్టలేక, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాని తమ్ముళ్ళను మేము చూశాం. వాళ్ళలో ఒకడు ఇప్పుడు చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాస్తున్నాడు. జయంతి నాడు విగ్రహానికి దండ తెచ్చేది కూడా అతనే.

అందుకే మా సీనియర్లం కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. జయంతి చందాలో నాలుగో వంతు పరీక్ష ఫీజుల కోసం పక్కన పెట్టాలి. చదివేసిన పోటీ పరీక్షల పుస్తకాలు హాస్టల్ బీరువాలో ఉంచి వెళ్ళాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పేటలో పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పాలి. బడి మానేసిన పిల్లవాడు కనబడితే హాస్టల్ దరఖాస్తు నింపి ఇవ్వాలి. ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆపవద్దని అమ్మానాన్నలకు నచ్చజెప్పాలి. ఇవి పెద్ద పనులు కావు. షోలాపూర్‌లో హాస్టల్ తెరిచిన రోజున అదీ పెద్ద పనిగా ఎవరికీ కనిపించి ఉండదు.

మిత్రులారా! రాత్రి రెండు గంటలకు కొడుకును లేపి తన చోటు ఇచ్చిన ఆ తండ్రిని ఒక్కసారి తలుచుకోండి. ఆ కొడుకు పెద్దవాడై దేశంలోని పిల్లలందరికీ చదువుకునే చోటు వెతికాడు. మనం పడుకునే మంచం, తినే అన్నం, చదివే దీపం ఆ వెతుకులాటలో దొరికినవే. చదువు పూర్తయి వెళ్ళిపోయే రోజున ఈ మంచం ఖాళీ అవుతుంది. దాని మీదికి మన పేట నుంచి మరొక పిల్లవాణ్ణి తీసుకొచ్చి పెట్టి వెళ్దాం. ఏప్రిల్ 14న ఆయన మెడలో వెయ్యగలిగిన దండల్లో అంతకు మించినది లేదు.

జై భీమ్!